నొప్పి తెలియని పాదం – పనిచోటు బాధ్యత

సంతలో ఎద్దును కొనబోయే రైతు ముందుగా దాని పళ్లను, తరువాత గిట్టలను పరీక్షిస్తాడు. గిట్ట చెడిన పశువు అరకకు నిలువదని ఆయనకు అనుభవం చెబుతుంది. బండి చక్రానికి పట్టా సడలితే ఆ పూటే కమ్మరి వద్దకు తీసుకువెళతాడు. కాని అదే రైతును, తన అరికాలిని తాను తిప్పి చూసుకొని ఎన్నాళ్లయిందని అడిగితే సమాధానం దొరకడం కష్టం. ఆరోగ్యవంతుని విషయంలో ఈ అశ్రద్ధ వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. ముల్లు గుచ్చుకొంటే నొప్పే అతనిని హెచ్చరిస్తుంది. మధుమేహం, అనగా చక్కెర వ్యాధి, కొన్నేళ్లుగా ఉన్న వ్యక్తి సంగతి వేరు. అతని పాదం హెచ్చరించడం మానివేసి ఉండవచ్చు.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. దాని అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది; మరి 13.6 కోట్ల మంది ఆ వ్యాధి అంచున ఉన్నారు. మధుమేహం ఉన్నవారిలో 19 నుంచి 34 శాతం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడే అవకాశం ఉన్నదని 2017లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడిన సమీక్ష తెలిపింది. మానిన పుండ్లలో సుమారు 40 శాతం ఏడాది తిరగకముందే మరల వస్తాయని కూడా అదే సమీక్ష పేర్కొన్నది. కాలు తీసివేయవలసి వచ్చిన మధుమేహ రోగులలో అత్యధికుల కథ ఇటువంటి చిన్న పుండుతోనే మొదలవుతుంది.

ఈ పుండ్లకు చక్కెర ఒక్కటే కారణమనుకోవడం సరికాదు. చక్కెర పాదాన్ని బలహీనపరుస్తుంది. దానిని గాయపరచేది చాలా సందర్భాలలో మనిషి చేసే పని, ఆ పని జరిగే చోటు. పడిన గాయాన్ని మాననీయనిది కూడా విశ్రాంతికి వీలులేని పని పరిస్థితే. అందువల్ల ఈ విషయం ఆసుపత్రికి ఎంత సంబంధించినదో, కూలికి, వ్యాపారానికి, అప్పు తీర్చే శక్తికి కూడా అంతే సంబంధించినది. ఈ వ్యాసంలో ఆ సంబంధాన్ని పరిశీలిద్దాం.

టికియాపారా చెప్పే పాఠం

సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కలకత్తాకు బయలుదేరినవారు ఖరగ్‌పూర్, సాంత్రాగాఛీ దాటి, హౌరా స్టేషను చేరబోయే ముందు టికియాపారా అనే చిన్న స్టేషను మీదుగా వెళతారు. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా నగరంలో ఉన్న శ్రామికుల పేట ఇది. ఒకవైపు రైలు పెట్టెలను శుభ్రపరచి మరమ్మతు చేసే డిపో. మరొకవైపు ఇరుకైన వీధులు. దగ్గరలోని బెలీలియస్ రోడ్డు పరిసరాలు లేతు మిషన్లు, వెల్డింగు, పాత ఇనుము వ్యాపారాలకు పేరుపడినవి. చిన్న చిన్న ఇంజనీరింగు కార్ఖానాలు, పోత కార్ఖానాలు విస్తారంగా ఉన్నందున హౌరాను ఒకప్పుడు ‘తూర్పు దేశపు షెఫీల్డు’ అని పిలిచేవారు.

హౌరా పోత కార్ఖానాల పని తీరు 2007 నవంబరులో ప్రపంచం దృష్టికి వచ్చింది. న్యూయార్క్ నగర వీధులలోని మ్యాన్‌హోల్ మూతలు హౌరాలోని ఒక కార్ఖానాలో తయారవుతున్నాయని, అక్కడ కార్మికులు చొక్కాలు, చెప్పులు లేకుండా కరిగిన ఇనుమును మోసి అచ్చులలో పోస్తున్నారని న్యూయార్క్ టైమ్స్ దినపత్రిక ఛాయాచిత్రాలతో ప్రచురించింది. కరిగిన పోత ఇనుము వేడి 1,300 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడి ఉంటుంది. ఒక్క చుక్క చిందినా చర్మం మాడిపోతుంది. ఆ వార్త వెలువడిన తరువాత, మూతలను కొనుగోలు చేస్తున్న అమెరికా విద్యుత్ సంస్థ తన కాంట్రాక్టులలో కార్మికుల రక్షణ నిబంధనలను చేరుస్తామని ప్రకటించింది.

ఆ వార్త మధుమేహం గురించి వ్రాసినది కాదు. అయినా దానిని మన విషయానికి అన్వయించి చూడవలసి ఉన్నది. నిప్పురవ్వ పడితే ఆరోగ్యవంతుడైన కార్మికుడు వెంటనే కాలు వెనుకకు లాక్కొంటాడు. పాదంలో స్పర్శ నశించిన కార్మికుడు లాక్కొనడు. అచ్చు ఇసుకలో పడి ఉన్న ఇనుప పెళుసు అతని మడమలో దిగబడినా, పని ముగించి ఇల్లు చేరి కాళ్లు కడుక్కొనే వరకు తెలియదు. ఒక్కొక్కప్పుడు చీము పట్టి వాసన వచ్చే వరకు కూడా తెలియదు. చెప్పులు లేని పని అందరికీ ప్రమాదమే. మధుమేహ రోగికి అది కాలు పోగొట్టగల ప్రమాదం.

టికియాపారా మనకు దూరపు సంగతి కాదు. హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు, ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలకు ఉత్తర కోస్తా నుంచి తెలుగువారు తరతరాలుగా పనికి వెళ్లారు. అంతకుమించి, అక్కడి పని పరిస్థితుల వంటివి మన ఊళ్లలోనూ ఉన్నాయి. రైసు మిల్లు బట్టీ దగ్గర, ఇటుకల ఆవం దగ్గర, మార్కెట్ యార్డులో, వరి మడిలో, మగ్గం గుంటలో, చివరకు ఎరువుల దుకాణపు గల్లాపెట్టె వెనుక కూడా పాదానికి ఏదో ఒక పరీక్ష జరుగుతూనే ఉంటుంది.

పాదం ఎందుకు మొద్దుబారుతుంది?

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పి ఉంటే నరాలు దెబ్బతింటాయి. శరీరంలో అతి పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవి కనుక నష్టం అక్కడే ముందుగా కనిపిస్తుంది. తొలుత తిమ్మిరి, మంట, సూదులతో పొడిచినట్లుండటం జరుగుతుంది. క్రమంగా స్పర్శ తగ్గుతుంది. చాలామంది మంట తగ్గగానే వ్యాధి నయమైందని సంతోషిస్తారు. నిజానికి కొందరిలో అది నరం పూర్తిగా మొద్దుబారిందనడానికి గుర్తు.

నరాలకు కలిగే నష్టం మూడు విధాలుగా పనిచేస్తుంది. మొదటిది, నొప్పి, వేడి తెలియకపోవడం. రెండవది, పాదంలోని చిన్న కండరాలు క్షీణించి వేళ్లు కొంకి తిరగడం. అప్పుడు శరీర భారమంతా వేళ్ల మొదళ్ల వద్ద ఎముకల మీద పడి అక్కడి చర్మం కాయ కాస్తుంది. మూడవది, చెమట తగ్గి చర్మం ఎండిపోవడం. దానివలన మడమలు పగులుతాయి, పగులులో సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. దీనికితోడు కాళ్లకు రక్తం తీసుకువెళ్లే నాళాలు సన్నబడితే గాయం మానడానికి కావలసిన రక్తం అందదు. పొగాకు అలవాటు ఈ చివరి నష్టాన్ని మరింత పెంచుతుంది. చుట్టయినా, బీడీ అయినా, సిగరెట్టయినా తేడా లేదు.

కాయ కాచిన చోట ఏమి జరుగుతుందో తెలుసుకోవడం ముఖ్యం. గట్టిపడిన చర్మం పైకి రక్షణగా కనిపించినా, అది చెప్పులో చిక్కిన గులకరాయి వలె లోపలి కండను నలుపుతుంది. కొన్నాళ్లకు కాయ క్రింద నెత్తురు చేరి, తరువాత పుండుగా పైకి తెరుచుకొంటుంది. పైన చిన్న రంధ్రమే కనిపించినా, లోపల అది ఎముక వరకు వెళ్లి ఉండవచ్చు.

వేలూరులో తెలిసిన సత్యం

నొప్పి లేని పాదం గురించి నేడు ప్రపంచానికి తెలిసినదానిలో గణనీయమైన భాగం దక్షిణ భారతంలోనే రూపుదిద్దుకొన్నది. తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో జన్మించిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరి కుష్ఠు రోగులకు చికిత్స చేశారు. కుష్ఠు రోగుల పాదాలు వ్యాధి వలన వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో జనం నమ్మేవారు. వ్యాధి నరాలను మొద్దుబార్చగా, నొప్పి తెలియని రోగులు గాయపడిన కాలితోనే నడవడం వల్ల ఆ నష్టం కలుగుతున్నదని ఆయన నిరూపించారు. 1960వ దశకంలో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లిన తరువాత అదే సత్యం మధుమేహ రోగుల పాదాలకు కూడా వర్తిస్తుందని ఆయన, ఆయన సహచరులు గ్రహించారు.

వారి ప్రయోగాలలో తేలిన ఒక విషయం శ్రమజీవులకు ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. పుండు పడడానికి మేకు గుచ్చుకోవడమో, నిప్పు తగలడమో అవసరం లేదు. మామూలు నడకలో పడే ఒత్తిడే ఒకే చోట దినానికి వేలసార్లు, దినాల తరబడి పడితే చర్మం వాచి, వేడెక్కి, చివరకు తెగుతుంది. నొప్పి తెలిసిన మనిషి అలసినప్పుడు తెలియకుండానే అడుగు మార్చి వేస్తాడు, కాస్త కుంటుతాడు, కూర్చుంటాడు. మొద్దుబారిన పాదం గలవాడు ఉదయం వేసినట్లే సాయంత్రం వరకు అడుగు వేస్తాడు. కుంటలేకపోవడమే అతని కీడు.

ఏ పనిలో ఏ ప్రమాదం?

వేడి: పోత కార్ఖానా, ఇటుకల ఆవం, బెల్లపు పొయ్యి, రైసు మిల్లు బాయిలరు, తారు రోడ్డు పని, ఎండకు కాలిన సిమెంటు కళ్లం – ఇవన్నీ ఒక వర్గం. లారీ, ట్రాక్టరు నడిపేవారికి ఇంజను వేడి పాదానికి తగులుతుంది. వేసవి మధ్యాహ్నం దేవాలయ ప్రాంగణపు రాతి పలకల మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణం చేసి బొబ్బలతో ఆసుపత్రికి వచ్చిన మధుమేహ రోగులను మన వైద్యులు ఎరుగుదురు.

తడి: వరి నాట్లు, రొయ్యల చెరువులు, పాల కేంద్రాలు, హోటలు కడుగుడు పని. నీటిలో నానిన చర్మం మెత్తబడి వేళ్ల సందులు ఒరుస్తాయి. శిలీంధ్రాలు పెరుగుతాయి. ఆ చిన్న పగులు ద్వారానే సూక్ష్మజీవులు లోపలికి వెళతాయి. బురదలో దాగిన గాజు పెంకు, నత్త గుల్ల, తుమ్మ ముల్లు సరేసరి.

బరువు: మార్కెట్ యార్డు హమాలీ బస్తా ఎత్తుకొన్నప్పుడు అతని బరువుకు బస్తా బరువు తోడై వేళ్ల మొదళ్ల వద్ద పడుతుంది. సన్నని చెక్క మీద లారీ ఎక్కేటప్పుడు ఒత్తిడి మరింత ఎక్కువ. ఇటువంటి పనిలో మరొక ప్రమాదం ఉన్నది. గాయమేమీ లేకుండానే ఒక పాదం అకస్మాత్తుగా వాచి, ఎర్రబడి, రెండవ పాదం కంటే వేడిగా ఉండవచ్చు. నొప్పి అంతగా ఉండదు. బెణికిందనుకొని పనిలోకి వెళితే లోపలి ఎముకలు విరిగి, కీళ్లు తప్పి, పాదం శాశ్వతంగా వంకరపోతుంది. దీనిని వైద్యులు షార్కో పాదం అంటారు. ఈ వాపు కనిపించిన రోజునే బరువు మోయడం, నడవడం ఆపి వైద్యుని చూడవలెను.

నిలుచుండటం, కూర్చుండటం: బట్టల దుకాణంలో, కిరాణాలో దినమంతా నిలిచి పనిచేసేవారి పాదాలు సాయంత్రానికి వాచి చెప్పులు బిగుసుకొంటాయి. కదలకుండా కూర్చునేవారు నిశ్చింతగా ఉండవచ్చుననుకోరాదు. గల్లాపెట్టె ముందు బాసింపట్టు వేసుకొని గంటల తరబడి కూర్చునే వర్తకులకు, కంసాలులకు, దర్జీలకు చీలమండ బయటి వైపు ఎముక నేలకు ఒరిసి కాయ కాస్తుంది. స్పర్శ లేనివారికి అక్కడే పుండు పడుతుంది. గుంట మగ్గంపై దినమంతా పలకలు తొక్కే నేతగాని వేళ్లకు, అరికాలికి ఒకేచోట ఒరిపిడి తప్పదు.

నిద్ర: పని ముగిసిన తరువాత పడుకొనే చోటు కూడా పని పరిస్థితులలో భాగమే. ధాన్యపు గోదాములలో కావలి పడుకొనేవారిని, కార్ఖానా నేలపైనే నిద్రించే వలస కూలీలను ఎలుకలు కొరకడం కొత్త విషయం కాదు. స్పర్శ లేని కాలిని ఎలుక కొరికినా మెలకువ రాదు. టాంజానియా దేశపు దార్-ఎస్-సలాం నగర వైద్యులు మధుమేహ రోగుల పాదాలపై ఇటువంటి ఎలుక కాట్లను నమోదు చేశారు. ఎత్తైన మంచం, దోమతెర, కాళ్లకు నూలు మేజోళ్లు ఇందుకు తక్కువ ఖర్చుతో చేసుకోదగిన రక్షణ.

విశ్రాంతి ఖరీదు

అరికాలి పుండుకు చికిత్సలో చక్కెర అదుపు, చీము తొలగింపు, మందులు అన్నీ అవసరమే. అయితే పుండుపై శరీర భారం పడుతున్నంతకాలం ఏ మందూ పూర్తిగా పనిచేయదు. అందుకే వైద్యులు పాదానికి, పిక్కకు అంటిపెట్టుకొని ఉండే ప్రత్యేకమైన కట్టు వేసి, భారాన్ని పుండు నుంచి తప్పిస్తారు. అమెరికాలో 2001లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఇటువంటి తీయరాని కట్టు వేసినవారిలో 12 వారాలలో 89.5 శాతం మందికి పుండు మానింది. విప్పుకోవడానికి వీలైన బూటు వేసుకొన్నవారిలో 65 శాతం మందికే మానింది. కారణం ఏమిటి? 2003లో వెలువడిన మరొక పరిశీలన సమాధానం చెప్పింది. విప్పుకోవడానికి వీలున్న బూటు ఇచ్చినప్పుడు, రోగులు తాము వేసే అడుగులలో సుమారు 28 శాతం అడుగులకే దానిని ధరించారు.

సంపన్న దేశంలోనే పరిస్థితి ఇట్లుండగా, దినకూలీని ‘మూడు నెలలు కాలు క్రింద పెట్టవద్దు’ అంటే అతడేమి చేయగలడు? ఒక లెక్క వేసి చూద్దాం. దినకూలి 500 రూపాయలనుకొంటే, వారానికి 6 దినాల చొప్పున 12 వారాలకు 72 పనిదినాలు. కూలి నష్టమే 36,000 రూపాయలు. మందులు, దారి ఖర్చు, తోడుగా వచ్చిన మనిషి కోల్పోయిన కూలి దీనికి అదనం. ఈ మొత్తానికి భయపడి అతడు కట్టు విప్పి పనిలోకి వెళతాడు. పుండు లోతుకు పోతుంది. చివరకు వేలో, పాదమో తీసివేసినప్పుడు కోల్పోయేది 72 దినాల కూలి కాదు; మిగిలిన జీవితమంతటి సంపాదనా శక్తి. వాయిదాలు ఆగడం, పొలం కౌలుకు పోవడం, పిల్లవాని చదువు మానిపించడం ఆ తరువాతి మెట్లు.

విశ్రాంతికి డబ్బు సమకూర్చే ఏర్పాటు కొందరికి ఉన్నది. 1948 నాటి చట్టంతో ఆరంభమైన కార్మిక రాజ్య బీమా, అనగా ఈఎస్ఐ పథకం, సాధారణంగా పది మంది లేక అంతకుమించి పనిచేసే సంస్థలలో, నిర్ణీత వేతన పరిమితికి లోబడిన కార్మికులకు వర్తిస్తుంది. జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 దినాల వరకు వేతనంలో 70 శాతం చెల్లిస్తుంది. దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో చేరినవాటికి, సభ్యత్వ కాలం వంటి నిబంధనలకు లోబడి, 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు చెల్లించే వీలున్నది. మధుమేహం వలన వచ్చే పాద వ్యాధి ఆ జాబితాలో ఉన్నది. ఈ సంగతి తెలియక ఎందరో కార్మికులు తమ హక్కును వినియోగించుకోవడం లేదు.

కాని ఆరుగురు పనిచేసే లేతు కార్ఖానా, నలుగురు హమాలీల గోదాము, వ్యవసాయ కూలీ, కౌలు రైతు ఈ గొడుగు క్రిందికి రారు. టికియాపారా వంటి పేటలలోనూ, మన గ్రామాలలోనూ అత్యధికులు ఇట్టివారే. వారి విషయంలో విశ్రాంతికి ఏర్పాటు చేయవలసినవారు ఇద్దరే: పని ఇచ్చేవారు, కుటుంబం.

డీలర్లు, యజమానులు చేయదగినవి

దుకాణంలో, గోదాములో, మిల్లులో పనిచేయించుకొనేవారు పెద్ద ఖర్చు లేకుండానే చాలా చేయగలరు.

మొదటిది ఆసనం. నిలబడి పనిచేసేవారికి వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షనే చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఈ ఏర్పాటును కొనసాగించింది. నిర్ణీత వయసు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అనే అంశాన్ని చేర్చింది. బట్టల దుకాణాల మహిళా కార్మికుల ఆందోళన ఫలితంగా కేరళ 2018లోను, ఆ తరువాత తమిళనాడు 2021లోను దుకాణాల చట్టాలను సవరించి, పనివారు కూర్చునే హక్కును గుర్తించాయి. చట్టం వచ్చే వరకు ఆగకుండానే మన డీలర్లు ఒక స్టూలు వేయవచ్చు.

రెండవది పని మార్పు. మధుమేహమున్న హమాలీ కాలికి బొబ్బ వచ్చినప్పుడు అతనిని ఇంటికి పంపివేయడం కంటే, కొన్ని వారాలు కాటా దగ్గర లెక్క వ్రాయడం, సంచులు కుట్టడం, కావలి వంటి కూర్చుని చేసే పని ఇవ్వడం ఉభయులకూ మేలు. ఆరితేరిన పనివాడు నిలుస్తాడు. అతని కూలీ ఆగదు. అంతకంటే ముఖ్యంగా, ఉద్యోగం పోతుందనే భయం లేనప్పుడే పనివాడు తన పుండును దాచకుండా చూపిస్తాడు. దాచిన పుండే ప్రాణం మీదికి తెస్తుంది.

మూడవది నేల. మేకులు, ఇనుప పెళుసులు, ప్యాకింగు పట్టీలు, గాజు పెంకులు దినానికి రెండుసార్లు ఊడ్పించాలి. వేడి పని చోట తోలు బూట్లు, తడి పని చోట లోపల తుడిచి ఆరబెట్టిన రబ్బరు బూట్లు ఉండాలి. రెండు జతలు ఉంటే మార్చి మార్చి వాడుకోవచ్చు. కాళ్లు కడుక్కొనే కుళాయి, పొడి గుడ్డ, శుభ్రమైన కట్టుగుడ్డ ఉంచడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

ఇంట్లో ప్రతిదినం

స్పర్శను పరీక్షించడానికి ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ నగర వైద్యులు 2011లో ఒక సులభమైన పద్ధతిని ప్రచురించారు. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. పరీక్షింపబడే వ్యక్తి కళ్లు మూసుకొని పడుకోవాలి. ఇంట్లోని మరొకరు చూపుడు వేలి కొనతో అతని రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు, మెత్తగా తాకాలి. నొక్కరాదు, రాయరాదు. తాకినప్పుడల్లా అతడు కుడి కాలో, ఎడమ కాలో చెప్పాలి. ఆరు చోట్లలో రెండు లేక అంతకుమించి చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గిందని భావించి వైద్యుని సంప్రదించాలి. ఆసుపత్రిలో సన్నని నైలాన్ పోగుతో ఈ పరీక్షను మరింత నిర్దిష్టంగా చేస్తారు. 30 ఏళ్లు దాటిన వారందరికీ మధుమేహ పరీక్ష ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో జాతీయ కార్యక్రమం క్రింద ఉచితంగా జరుగుతుంది.

మిగిలిన జాగ్రత్తలు ఈ క్రింది విధంగా ఉన్నాయి:

• ప్రతి రాత్రి దీపం వెలుగులో అరికాలు, మడమ, వేళ్ల సందులు చూడండి. వంగలేనివారు నేలపై అద్దం పెట్టి చూడవచ్చు. చూపు మందగించినవారికి ఇంట్లోవారు చూడాలి.

• గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవండి. నీటి వేడిని కాలితో కాక మోచేతితో చూడండి. మడమలకు కొబ్బరి నూనె రాయండి; వేళ్ల సందులలో రాయవద్దు.

• కాయలను, ఆనెలను బ్లేడుతో కోయవద్దు. ఆనెలు కరిగించే ఆమ్లపు పట్టీలు అంటించవద్దు. తిమ్మిరికి కాపడం పెట్టవద్దు. నిప్పుల కుంపటి దగ్గర కాళ్లు చాపవద్దు.

• చెప్పులు, బూట్లు వేసుకొనే ముందు తలక్రిందులు చేసి దులిపి, లోపల చేయి పెట్టి చూడండి.

• లేత రంగు నూలు మేజోళ్లు వాడండి. రసి, నెత్తురు అంటితే వెంటనే కనిపిస్తుంది.

• ఎరుపు, వాపు, వేడి, దుర్వాసన, చీము, నలుపు రంగు, జ్వరం – వీటిలో ఏది కనిపించినా ఆ దినమే ఆసుపత్రికి వెళ్లాలి. ‘నొప్పి లేదు కదా, సంత అయిన తరువాత చూద్దాం’ అనరాదు. నొప్పి లేకపోవడమే ఇక్కడ వ్యాధి లక్షణం.

పాదరక్ష, పరపతి

మొద్దుబారిన పాదానికి సాధారణ హవాయి చెప్పు తగదు. వేళ్ల మధ్య పట్టీ చర్మాన్ని కోస్తుంది. చెప్పు జారిపోయినా తెలియదు. మడమ వెనుక పట్టీ, వేళ్లకు తగిన వెడల్పు, మేకులు లేని కుట్టు, లోపల మెత్తని అర, క్రింద ముల్లు దిగని గట్టి అట్ట ఉండాలి. కుష్ఠు రోగుల కోసం దక్షిణ భారతంలో వాడుకలోకి వచ్చిన మైక్రోసెల్యులర్ రబ్బరు అర, అనగా ఎం.సి.ఆర్. రబ్బరు, ఈ పనికి చక్కగా ఉపయోగపడుతుంది. నిపుణుడైన గ్రామ చర్మకారుడు పాదం కొలత తీసుకొని దీనితో చెప్పులు కుట్టగలడు. చెప్పులు సాయంత్రం వేళ, పాదం కొంత ఉబ్బి ఉన్నప్పుడు కొలత ఇవ్వాలి. కొత్త జతను మొదట దినానికి గంట చొప్పున వాడి, పాదాన్ని పరిశీలిస్తూ క్రమంగా పెంచాలి.

ఇక్కడ ఒక మంచి స్వయం ఉపాధి అవకాశం కూడా ఉన్నది. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో గుర్తించిన 18 వృత్తులలో చర్మకారుల, పాదరక్షల తయారీదారుల వృత్తి ఒకటి. శిక్షణ పొందినవారికి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు, దానిని సక్రమంగా చెల్లించిన తరువాత రెండవ విడతగా 2 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీపై, హామీ లేకుండా రుణం ఇచ్చే ఏర్పాటు ఇందులో ఉన్నది. ఒక మండలంలో ఎం.సి.ఆర్. చెప్పులు కుట్టగల చర్మకారుడు ఒక్కడున్నా, అతనికి గిరాకీకి లోటుండదు. ఎందరి కాళ్లో నిలుస్తాయి.

రైతు కుటుంబాలు మరొక విషయం గుర్తుంచుకోవాలి. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు మార్గదర్శకాలలో, పంట రుణ పరిమితికి అదనంగా 10 శాతం మొత్తాన్ని పంటకోత అనంతర, గృహ, వినియోగ అవసరాలకు చేర్చారు. కొత్త చెప్పుల జత, ఆరోగ్య పరీక్ష వంటి చిన్న అవసరానికి చేతి అప్పు చేయనక్కర లేకుండా ఈ వెసులుబాటు ఆదుకొంటుంది. మధుమేహం ఉన్న ఇంటి యజమాని పేరిట, పంట వచ్చిన నెలలలో కొంత మొత్తం విడిగా పొదుపు ఖాతాలో వేయడం అంతకంటే ఉత్తమం. కొన్ని వారాల కూలికి సరిపడా సొమ్ము ఖాతాలో ఉన్నవాడు వైద్యుడు చెప్పిన విశ్రాంతిని తీసుకోగలడు. లేనివాడు ఆ మాట విని కూడా పాటించలేడు.

పాదపు పుండుకు విశ్రాంతే మందు. ఆ మందు దుకాణంలో దొరకదు. యజమాని ఔదార్యంతోనో, చట్టం ఇచ్చిన హక్కుతోనో, కుటుంబం దాచిన పొదుపుతోనో ముందుగా సమకూర్చుకోవలసి ఉంటుంది. హౌరా కొలిమి దగ్గర పనిచేసేవానికైనా, గుంటూరు మిరప యార్డులో బస్తా మోసేవానికైనా, సొంత దుకాణంలో గద్దె మీద కూర్చునేవానికైనా ఈ నియమం ఒక్కటే. ఈ రాత్రి భోజనానికి ముందు ఇంటిల్లిపాదీ ఒకరి అరికాళ్లు ఒకరు చూడండి. ఇంట్లో మధుమేహం ఉన్నవారి ఆరు వేళ్లనూ తాకి పరీక్షించండి. దానికి పట్టేది రెండు నిమిషాలు.